ఐదు వేల నలభై మీద ఒకడు

జంట శంఖాలు చేజిక్కించుకుని భేతాళ లోయలోంచి ప్రాణాలతో బయటపడ్డారు కదా మన రాకుమారుడు కేయూరవర్మ, అతని మేనత్త కూతురు మౌక్తిక! ఇంటికి పోయి కడుపునిండా తిని, కాళ్లు చాపుకుని పడుకుందామనుకున్నారు పాపం. తానొకటి తలిస్తే దైవం ఇంకొకటి తలిచింది. వాళ్లు వెళ్లేసరికి నీలకేతన నగరం కోట తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పొయ్యిల మీద పాలు పొంగి మాడిపోయాయి. ఉయ్యాలలు ఖాళీగా ఊగుతున్నాయి. ఊళ్లో మనిషన్నవాడు లేడు.

ఊరి వెలుపల తుప్పల్లో నక్కిన కోట కాపలావాడొకడు వాళ్లని చూసి బావురుమన్నాడు. జరిగింది వాడే చెప్పాడు. గండశిలుడనే మాంత్రికుడు ఏనుగంత ఉడుమునెక్కి వచ్చి, పిడికెడు బూడిద చల్లి, ఊరివాళ్లని నిలబడ్డవాళ్లని నిలబడ్డట్టే రాళ్లని చేసేశాడు. అందులోంచి లెక్కపెట్టి మరీ ఐదు వేల నలభై మందిని ఎంచుకుని, మిగిలినవాళ్ల మీద మంత్రించిన నీళ్లు చల్లి మళ్లీ మనుషుల్ని చేసి అడవుల్లోకి తరిమేశాడు. ఎంచుకున్నవాళ్లని సున్నపు మైదానానికి నడిపించుకుపోయాడు.

"పోతూ పోతూ దండోరా కూడా వేయించాడు దొరా! ఇవాళ పొద్దు నడినెత్తికొచ్చేవేళకి వాళ్లు తను గీసే కుంకుమ గీత లోపల సమానమైన వరసల్లో నిలబడుంటే చాలంట, కల్పాంతం దాకా వాడి రాతి బంట్లేనంట. ఒక్కడు వరస తప్పి మిగిలినా శాపం పోయి గీత లోపలున్న అందరూ మనుషులైపోతారంట. 'మిగలడమన్నది నా సేనలో ఉండదు, చేతనైతే మిగల్చమనండి మీ రాకుమారుణ్ణి' అని తొడ చరిచాడు."

చూశారా వాడి పొగరు! శత్రువుకి తాళంచెవి చూపించి, తలుపు తెరవమని సవాలు చేశాడన్నమాట.

ఆ చీకట్లోనే గుర్రాలెక్కి పోయి, తెలతెలవారుతుండగా కేయూరవర్మ, మౌక్తిక సున్నపు మైదానం అంచున ఉన్న గుట్టెక్కి తొంగి చూశారు. ఆహా, ఏం మైదానమది! ఆరబోసిన పిండిలా తెల్లగా, కనుచూపు మేర పరుచుకుని ఉంది. చుట్టూ నిట్టనిలువు కొండలు, కొండల భుజాల మీద గులాబి రంగు మబ్బులు, మబ్బుల అంచుల్లో కరిగించి పోసినట్టున్న బంగారపు ఎండ. మైదానం చుట్టూ కుంకుమతో గీసిన గీత. ఆ గీత లోపల వాళ్ల ఊరు ఊరంతా బూడిదరంగు రాయై నిలబడి ఉంది. గరిటె పట్టుకున్న వంటలక్క, తలపాగా సగం చుట్టుకున్న సేనాపతి, బట్టల మూట భుజానికెత్తుకున్న చాకలి, ఆవలింత మధ్యలో నోరు తెరిచి ఉండిపోయిన పురోహితుడు, అందరికంటే ముందు కేయూరవర్మ తండ్రి విజయకేతన మహారాజు. గీత బయట పట్టుపందిరి కింద, పరుపుల మీద, పనసపండంత పొట్టతో గండశిలుడు. వాడి పక్కన పడుకున్న ఉడుము నాలుక అప్పుడప్పుడు బయటికొచ్చి గాలిని రుచి చూసి లోపలికి పోతోంది.

"ఐదు వేల నలభై!" అంది మౌక్తిక మెచ్చుకోలుగా. "దుర్మార్గుడే గానీ అభిరుచి ఉన్నవాడు బావా. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలన్నీ వరసగా గుణించు, అదే వస్తుంది. ఏడు నుంచి పది దాకా గుణించు, మళ్లీ అదే. రెండేసి మందిని నిలబెట్టు, మూడేసి నిలబెట్టు, పదేసి దాకా ఎలా నిలబెట్టినా ఒక్కడు మిగలడు. ఎంత ముద్దుగా ఉందో!"

"ముద్దు చేయడం తర్వాత. మా నాన్న ఆ ముద్దు లెక్కలో రాయై నిలబడి ఉన్నాడు," అన్నాడు కేయూరవర్మ. "ఒకణ్ణి గీత బయటికి లాగేస్తే లెక్క చెడిపోదూ?"

"చెడుతుంది. కానీ శాపమైనా విమోచనమైనా గీత లోపలివాళ్లకే. నువ్వు లాగినవాడు ఊరంతా మేలుకున్నా రాయిగానే ఉండిపోతాడు. ఎవరిని లాగుతావు?"

కేయూరవర్మ చూపు తండ్రి మీది నుంచి వంటలక్క మీదికి, అక్కణ్ణించి చాకలి మీదికి పోయింది.

"అందుకే తీసేయొద్దు, కలుపుదాం. లోపల నిలబడ్డ ప్రతి తలా లెక్కే. నువ్వు పోయి నిలబడు. ఇన్నింటికి లొంగే సంఖ్య మీద ఒకటి పడితే అన్నింటికీ ఒకటి మిగలాల్సిందే. పదితోనే ఆగలేదు బావా, ఇరవై దాకా చూశాను. దేనికీ లొంగలేదు. మొండి సంఖ్య!"

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నీలకేతనంలో బడిపిల్లలకి ఎక్కాలు ఇరవై దాకానే. ఇరవయ్యో ఎక్కం అప్పజెప్పిన రోజు ఇంట్లో పాయసం వండి, పలక కడిగి అటకెక్కిస్తారు. ఆ ఇరవైలో దేనికీ లొంగని సంఖ్యని మొండి సంఖ్య అంటారు, అంటే ఇక దాన్ని ఎవరూ భాగించలేరని వాళ్ల నమ్మకం. తాతల నాటి నుంచి ఎవరూ ఆ మాటని కాదనలేదు. మౌక్తిక ఎంత చదువుకున్నా ఆ పాయసం తాగిన పిల్లే కదా!

"ఒకవేళ లెక్క తప్పితే?" అన్నాడు కేయూరవర్మ, ఒంటికి బూడిద, సున్నపు బురద కలిపి పూసుకుంటూ.

"మధ్యాహ్నానికి నువ్వూ రాయైపోతావు. లెక్క తప్పదులే, నేనున్నానుగా," అని మౌక్తిక ఒక శంఖం అతని తలపాగాలో చెవి పక్కన దోపింది. ఒక దాంట్లో గుసగుసలాడితే రెండో దాంట్లో వినబడే శంఖాలవి. రెండోది తన చెవికి కట్టుకుని గుట్ట మీదే ఉండిపోయింది.

కేయూరవర్మ పాములా పాకుతూ గీత దాటి, చివరి వరస వెనక బిగుసుకుని నిలబడ్డాడో లేదో, కంచుగంట ఖంగున మోగింది.

"పదేసి!" అని గర్జించాడు గండశిలుడు.

గడగడగడమని రాతి పాదాలు కదిలాయి. కొండలు ప్రతిధ్వనించాయి. పదేసి మంది చొప్పున వరసలు పలకలా తీరాయి. అన్నింటి వెనక, ఒంటరిగా, ఊరి చివర గుడిసెలా మిగిలిపోయాడు కేయూరవర్మ. ఆ సంగతి బావా మరదళ్లిద్దరికీ ముందు తట్టనేలేదు, మిగిలేవాడు అతనే అవుతాడని!

గండశిలుడు కళ్లు నులుముకున్నాడు. "ఇదేమిట్రా? తొమ్మిదేసి!"

మళ్లీ గడగడ. మళ్లీ ఒక్కడు. ఎనిమిదేసి, ఏడేసి, ఆరేసి, ఏది పిలిచినా చివర ఒక్కడే. ఆ ఒక్కడూ కేయూరవర్మే.

"ఓరోరి! నువ్వెవడివిరా నా కొంపకి తగలడ్డావు? ఉడుమా, పోయి చూడు!"

ఉడుము గీత దాకా వచ్చి మెడ చాచింది. చేటంత నాలుక బయటికి తీసి, కేయూరవర్మ మొహాన్ని గడ్డం నుంచి నొసటి దాకా ఒక్క నాకు నాకింది. బురదంతా ఊడిపోయి తెల్లటి బుగ్గ బయటపడింది. పైపెచ్చు రాకుమారుడి ముక్కులో సున్నం చేరి తుమ్మొస్తోంది.

"బావా, తుమ్మావంటే చచ్చావన్నమాటే!" అంది శంఖం.

"ఐదేసి!" అని అరిచాడు గండశిలుడు. సేన కదిలి దుమ్ము రేగింది. ఆ దుమ్ములో కేయూరవర్మ హాచ్చిమని తుమ్మి, ముందుకి దూకి, బలిసిన కమ్మరి వెనక నక్కి వాడి పక్క చోటులో దూరాడు. దుమ్ము తగ్గేసరికి ఈసారి మిగిలినవాడు నోరు తెరిచిన పురోహితుడు. ఉడుము ఆయన్నీ నాకింది. రాయి రుచి నచ్చక మొహం చిట్లించుకుని వెనక్కి పోయి పడుకుంది.

పొద్దెక్కింది. గండశిలుడికి చెమటలు పట్టాయి. పన్నెండు, పద్నాలుగు, పదిహేను, పదహారు, పద్దెనిమిది, ఇరవై, అన్నీ పిలిచాడు. అన్నింటా ఒకడు మిగిలాడు. పదకొండు, పదమూడు, పదిహేడు, పందొమ్మిది కూడా పిలిచాడు. వాటికి ఇంకా ఎక్కువమంది మిగిలారు. శంఖంలో మౌక్తిక నవ్వు చిరుగజ్జెల్లా వినిపిస్తోంది.

చివరికి విసుగెత్తి గండశిలుడు కంచుగంటని కాలితో తన్నాడు. "ఇక నావల్ల కాదు! మీకు తోచినట్టు మీరే నిలబడి చావండి! ఎలా నిలబడ్డా సరే, సమంగా నిలబడండి! ఒకే వరసగా నిలబడితే మటుకు చెల్లదు!"

అంతే. ఐదు వేల రాళ్లు సుడిగాలిలా తిరగడం మొదలుపెట్టాయి. కేయూరవర్మని ఎవరో తోశారు, ఎవరో లాగారు, కమ్మరి మోచెయ్యి డొక్కలో పొడిచింది. దుమ్ము ఆకాశానికి లేచి సూర్యుడు కనబడలేదు. తర్వాత ఒక్కసారిగా అంతా నిశ్చలమైపోయింది.

దుమ్ము నెమ్మదిగా దిగింది. వరసలు సమంగా ఉన్నాయి. వెనక ఎవరూ లేరు, పక్కన ఎవరూ లేరు. నాలుగు పక్కలా ఒకే పొడవు, చదరంగపు బల్లలాంటి వ్యూహం.

గండశిలుడు ముందు నోరెళ్లబెట్టాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "శభాష్! చచ్చిన రాళ్లకున్న తెలివి బతికున్న నాకు లేకపోయెనే! కదలకండి, మధ్యాహ్నం దాకా ఇలాగే ఉండండి!" అని పరుపు మీద చేరగిలబడి పనస తొనలు ఒలుచుకోవడం మొదలుపెట్టాడు.

కేయూరవర్మ పెదవులు కదపకుండా శంఖంలోకి గుసగుసలాడాడు.

"మౌక్తికా? ఇరవై ఎక్కాలన్నావు?"

"బావా..." గొంతు పీలగా వచ్చింది. "వరసకి డెబ్బై ఒక్క మంది ఉన్నారు. వరసలు కూడా డెబ్బై ఒకటే. డెబ్బై ఒకటి డెబ్బై ఒకట్లు ఐదు వేల నలభై ఒకటి. ఇరవై దాటి ఎవరూ చూడలేదు బావా. తాత చూడలేదు, గురువుగారు చూడలేదు, నేనూ చూడలేదు. నిన్ను తీసుకుపోయి వాడికి నేనే అప్పజెప్పాను."

"ఏడవకు. ఏడిస్తే అంకెలు కనబడవు. నేనొక్కణ్ణే బయటికొచ్చేస్తే?"

"మళ్లీ ఐదు వేల నలభై. వాడికి పండగ."

"ఇంకొకరిని తీసుకుని వస్తే?"

మౌక్తిక ముక్కు తుడుచుకున్న చప్పుడు వినిపించింది. "ఐదు వేల ముప్పై తొమ్మిది. పదేసి దాకా దేనికైనా చివరి వరసలో ఒక తల తక్కువవుతుంది, అది చూడకుండానే చెప్పొచ్చు. పైవి చూడాలి. ఈసారి ఇరవైతో ఆగను."

"ఎక్కడాగుతావు? పొద్దు నడినెత్తికొస్తోంది!"

"డెబ్బైతో. వరసకి డెబ్బై మించి పెడితే వరసల లెక్క డెబ్బై లోపే పడుతుంది. అడ్డం తిప్పి చూస్తే అది ముందే చూసేసిన లెక్క. కాసేపు మాట్లాడకు." గుట్ట మీద ఇసుకలో ఆమె వేలు గరగరమని నడుస్తోంది. "పదమూడుకి ఎనిమిది మంది మిగిలారు... పదిహేడుకి ఏడుగురు... ఇరవై మూడుకి ఇద్దరే, అమ్మో, తృటిలో తప్పింది... యాభై మూడుకి నలుగురు..."

కేయూరవర్మ ఊపిరి బిగబట్టి కనుకొనల నుంచి పక్కలకి చూశాడు. చివరి వరసలో ఉన్నాడతను, నాలుగడుగులు వెనక్కి వేస్తే కుంకుమ గీత. ఎడమ పక్కన కమ్మరి. కుడి పక్కన చెయ్యెత్తి, కనుబొమలు ముడిచి, ఎవరినో తిడుతూ తిడుతూ రాయైపోయిన ముసలావిడ. ఆవిడ అలివేణమ్మ, మహారాజు తల్లి, అతనికి నాయనమ్మ, మౌక్తికకి అమ్మమ్మ.

"అరవై ఏడుకి పద్నాలుగు! అయిపోయింది! మొండిది బావా, అసలు సిసలు మొండిది! దేనికీ లొంగదు!" అని అరిచింది మౌక్తిక. వెంటనే గొంతు తగ్గించింది. "నీ పక్కన ఎవరున్నారు?"

"కమ్మరి. గున్న ఏనుగులా ఉన్నాడు, కదలడు. ఇటు పక్క నాయనమ్మ."

కేయూరవర్మ కమ్మరినీ నాయనమ్మనీ మార్చి మార్చి చూశాడు.

"నావల్ల కాదు మౌక్తికా. వాడికి ఇద్దరు చిన్న కూతుళ్లు. ఈవిడేమో మనల్ని పెంచింది. ఊరికోసం ఒకరిని రాయిగా వదిలెయ్యమంటే ఎవరిని వదలను? నేనే ఉండిపోతాను, నువ్వు..."

మాట పూర్తి కాలేదు. రాతి వేళ్లు అతని కుడి చెవిని పట్టుకున్నాయి.

రాళ్లకి చెవులుంటాయని గండశిలుడికి తెలియదు. 'మీకు తోచినట్టు నిలబడండి' అన్న మాట వాడు ఇంకా వెనక్కి తీసుకోనూ లేదు. అలివేణమ్మకి తోచింది అలివేణమ్మ చేసింది. గిరుక్కున తిరిగి, మనవడి చెవి మెలిపెట్టి, టక్కు టక్కుమని నడిచింది. "అబ్బా, నాయనమ్మా, చెవి, చెవి!" అని కేయూరవర్మ వంగిపోయి వెంట నడిచాడు. ఆగమని బతిమాలాడు, కాళ్లు నేలకి తన్నిపట్టాడు. రాతి పట్టు సడలుతుందా! నాలుగడుగుల్లో ఇద్దరూ కుంకుమ గీత దాటేశారు. గీత దాటగానే ఆవిడ కదలిక ఆగిపోయింది. ఆగేముందు చెవి మాత్రం వదిలింది.

"నాయనమ్మా," అన్నాడు కేయూరవర్మ. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. ఆవిడ మొహంలో కోపం పోయి, పని అయిపోయిన మనిషి నింపాది కనిపిస్తోంది.

వ్యూహం చెదిరిన చప్పుడుకి తొన మింగబోతున్న గండశిలుడికి పొలమారింది. "పదేసి!" అని దగ్గుతూ అరిచాడు. చివరి వరసలో ఒకడు తక్కువ. "తొమ్మిదేసి! ఎనిమిదేసి! ఏడేసి!" ఏది పిలిచినా చివరి వరసలో ఒక తల తక్కువ, పన్నూడిన నోరులా ఒకే ఒక ఖాళీ. "తోచినట్టు నిలబడండి!" రాళ్లు తిరిగాయి, తిరిగాయి, తిరుగుతూనే ఉన్నాయి. ఎక్కడా కుదురు దొరకలేదు.

గండశిలుడు మాంత్రికుడే గానీ మొద్దు కాదు. "ఒక తలే కదా తక్కువ! ఉడుమా, లోపలికి పో! నీదీ తలే!"

"బావా, అది లోపలికెళితే మళ్లీ ఐదు వేల నలభై!" అని మౌక్తిక కేక పెట్టింది.

ఉడుము సరసరా గీత వైపు పాకింది. కేయూరవర్మ ఒక్క గెంతు గెంతి దాని తోక రెండు చేతులా ఒడిసిపట్టుకున్నాడు. అది లాగింది, ఇతను లాగాడు. మడమలు సున్నంలో కాలువలు తీశాయి. ఉడుము ముక్కు గీతకి జానెడు దూరంలోకి వచ్చింది. బెత్తెడు దూరంలోకి వచ్చింది. సరిగ్గా అప్పుడు కేయూరవర్మ నీడ అతని పాదాల కిందికి ముడుచుకుంది.

పెళపెళమని కొండలు విరిగినంత చప్పుడు. బూడిదరంగు పెచ్చులు పెచ్చులుగా రాలింది. వంటలక్క గరిటె దులుపుకుంది. సేనాపతి తలపాగా రెండో సగం చుట్టుకున్నాడు. పురోహితుడు ఆవలింత పూర్తిచేసి "శివశివా" అన్నాడు. కమ్మరి ఏమీ అర్థం కాకపోయినా అందరికంటే గట్టిగా కేకలు పెట్టాడు. తల్లులు పిల్లల్ని పేరుపేరునా పిలుచుకుంటున్నారు. ఊరు ఊరంతా ఒక్కసారి నవ్వి, ఒక్కసారి ఏడ్చి, ఒక్కసారి జయజయధ్వానాలు చేసింది. గుట్ట మీద మౌక్తిక ఇసుకలో గెంతులేస్తోంది.

ఆ హోరుకి బెదిరింది ఉడుము. గిర్రున వెనక్కి తిరిగి, తోకని పట్టుకున్న మనిషితో సహా కొండ వైపు పరుగు లంకించుకుంది. గండశిలుడు దాని మీదికి ఎగిరి దూకాడు. దూకుతూ దూకుతూ, గీత బయట నిలబడ్డ అలివేణమ్మని రెండు చేతులా ఎత్తి ఉడుము వీపు మీది అంబారీలో పడేసుకున్నాడు.

"ఒక్కరి మీద శాపం మిగిలినా నాకు చాలురా! ఆ శాపాన్ని మళ్లీ మొలిపించే విత్తనం నా చేతిలోనే ఉంది!"

ఉడుముకి నిట్టనిలువు కొండంటే పెరటి మెట్లు. జరజరా పైకి ఎగబాకింది. గులకరాళ్లు కేయూరవర్మ నెత్తిన జల్లున కురిశాయి. అతను తోకని వదల్లేదు. ఒక చేతి మీద ఇంకో చెయ్యి వేస్తూ అంబారీ వైపు జరుగుతున్నాడు. కింద మైదానం దుప్పటంత అయింది, తర్వాత రుమాలంత అయింది.

అంత దూరం నుంచీ తండ్రి గొంతు వినిపించింది. విజయకేతన మహారాజు గుంపులో అటూ ఇటూ పరిగెత్తి, అందరి మొహాలూ చూసి, చివరికి తల పైకెత్తి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు.

"కేయూరా! అమ్మ ఏదిరా?"

కొండ ఆ మాటని నాలుగుసార్లు అప్పజెప్పింది.

"నా దగ్గరే ఉంది నాన్నగారూ! తీసుకొస్తాను!" అని గొంతు చించుకుని అరిచాడు కేయూరవర్మ. అరిచి, పళ్లు బిగించి, ఇంకో చెయ్యి ముందుకి వేశాడు.

"గుర్రమెక్కాను బావా," అంది శంఖం రొప్పుతూ. "కొండ చుట్టూ తిరిగి వస్తున్నాను. అవతలేముందో చూసి చెప్పు."

ఉడుము శిఖరం మీద ఒక్క క్షణం ఆగి నాలుక చాచింది. కేయూరవర్మ దాని వీపు మీదుగా అవతలికి తొంగి చూశాడు. అక్కడ లోయ లేదు, దారి లేదు, చెట్టు లేదు. నల్లటి సముద్రం కొండ అడుగున నురగలు కక్కుతోంది. అతను చప్పున ముందుకి దూకి నాయనమ్మ నడుము చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాడు. ఉడుము కొండ మీది నుంచి దూకింది.